అవ్వ నోట లేదన్న మాట

ఆదివారం పొద్దున ఉప్మా కలుపుతుంటే ఫోన్ మోగింది. హెబ్బగోడి అవ్వ కొడుకు. "అక్కా, అమ్మ పొయ్యింది," అన్నాడు. "కాఫీ అడిగింది. నేను కలుపుకోని వొచ్చేలోపలే..." అని ఆగిపోయాడు. నేను స్టవ్ కట్టేసి అలాగే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. నాకు మొదట తట్టిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారు. యమభటులు వచ్చి "అవ్వా, ఇంకా ఏమన్నా పని మిగిలిందా?" అని అడిగుంటే, ఆవిడ తప్పకుండా "ఉండాదప్పా, సొల్ప ఉండాది, కూర్చోండి" అనుంటుంది. వాళ్ళు కూర్చునే ఉంటారు కూడా. అవ్వ ఉండాదంటే నమ్మకుండా ఉండడం కష్టం.

ఆవిడ నోటి నుంచి 'లేదు' అన్న మాట రాదు. ఆవిడ గదిలో అద్దెకున్నన్నాళ్ళూ నేను ఒక్కసారి కూడా వినలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక సాయంత్రం విన్నాను. విని నిర్ఘాంతపోయాను. ఆ సాయంత్రం గురించి చెప్పాలనే కూర్చున్నాను గానీ, ముందు ఆవిడెలాంటి మనిషో చెప్పకపోతే మీకు "లేదంటే ఏముంది, అందరూ అనేదే కదా" అనిపిస్తుంది.

పొట్టి మనిషి. రెండు ముక్కుపుడకలు, బొడ్లో తాళాల గుత్తి, నోట్లో ఎప్పుడూ ఒక వక్కముక్క. వాళ్ళ పెద్దలు ఎప్పుడో తాతల నాడు ఆంధ్ర వైపు నుంచి వచ్చి బెంగళూరు పేటలో మగ్గం నేసుకుని బతికారు. మగ్గం గిట్టుబాటు కాక దాన్ని అమ్మేసి హెబ్బగోడిలో ఒక సైటు కొని, రేకుల కప్పుతో వరసగా గదులు కట్టి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు అద్దెకిచ్చారు. ఇంట్లో తెలుగు, కూరగాయల బండి దగ్గర కన్నడం, దేవుడి ముందు రెండూ కలిపి మాట్లాడేది. దేవుడికి ఏది వస్తుందో తెలియదు కదా, అనేది.

నేను మదనపల్లె నుంచి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగానికి వచ్చి, గది వెతుక్కుంటూ ఆవిడ ముందు నిలబడ్డాను.

"నీళ్ళొస్తాయా అవ్వా?"

"ఉండాదమ్మణ్ణీ."

"గాలీ వెలుతురూ?"

"ఉండాది."

"ఫ్యాను?"

"ఉండాది."

సామాను దించి పైకి చూస్తే కప్పుకి ఒక కొక్కెం మాత్రం వేలాడుతోంది. పరుగున వెళ్ళి అడిగాను. "కొక్కి ఉండాది గదమ్మణ్ణీ, ఫ్యాను వొస్తాది," అంది, అదేదో నాకే తొందరెక్కువైనట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ పొద్దుగూకేసరికి వాళ్ళింట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి నా గదిలో పెట్టింది. వేసవి పోయేదాకా తను విసనకర్రతో నెట్టుకొచ్చింది. అప్పుడు నాకు ఆవిడ మాట ఏమిటో అర్థమైంది. 'ఉండాది' అంటే అబద్ధం ఆడడం కాదు. మొక్కుకోవడం. ఆ తర్వాత తల తాకట్టు పెట్టయినా ఆ మొక్కు తీర్చుకునేది.

కారణం అడిగితే తథాస్తు దేవతల పేరు చెప్పేది. "దీపాలు పెట్టే వేళకి పైన తిరగతా ఉంటారమ్మణ్ణీ. మనం ఆ మాటంటే తథాస్తు అనేస్తారు. ఇంగ అట్లనే అయిపోతాది." బియ్యం అయిపోతే నిండుకున్నాయనీ, దీపం ఆరితే కొండెక్కిందనీ మనమందరం అనేదే. అవ్వ అక్కడితో ఆగలేదు. గ్యాస్ నిండుకునేది, చిల్లర నిండుకునేది, కరెంటు కొండెక్కేది. కొడుక్కి చిన్న వయసులోనే బట్టతల వస్తే "వానికి ఎంటికలు నిండుకున్యాయి" అంది. బిచ్చానికి వచ్చినవాళ్ళకు ఇవ్వడానికి ఏమీ దొరకకపోతే "రేపు రాప్పా" అనేది. మర్నాడు వాళ్ళు మరిచిపోయినా ఈవిడ మరిచిపోకుండా వీధిలో నిలబడి ఎదురుచూసేది. ఒకసారి పక్క గది కుర్రాడు సందెవేళ ఫోన్లో "ఇంట్లో ఎవరూ లేరు" అంటుంటే పరుగెత్తుకెళ్ళి వాడి చేతి మీద ఒక్కటి వేసింది. "అట్లనొద్దప్పా! బయటికి పొయ్యుండారు అను!" ఫోన్లో అవతల ఉన్నవాళ్ళు ఏమనుకున్నారో ఏమో.

కోడలు వచ్చాక ఇంట్లో నవ్వులు పెరిగాయి. ముళబాగిలు దగ్గర పల్లె పిల్ల. గట్టిగా నవ్వేది, అత్తను అచ్చంగా అనుకరించేది. "అత్తా, సక్కెర ఉండాదా?" అని వంటింట్లోంచి కేకేసేది. "ఉండాది పోవే." "యాడుండాది?" "అంగట్లో!" ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు. రోజూ ఇదే ఆట. కొడుకు ఫ్యాక్టరీ బస్సు నడిపేవాడు, వాడికి ఈ గోలేమీ పట్టేది కాదు.

ఆ గదులన్నిటికీ కలిపి వెనకాల ఒక పాత మరుగుదొడ్డి ఉండేది. నేను అక్కడున్నప్పుడే పెద్ద మోరీ తవ్వాలని దాన్ని కూలగొట్టారు. బదులుగా సర్కారు పథకంలో ఇంటికొక కొత్తది కట్టిస్తామన్నారు. కట్టారు కూడా. నాలుగు గోడలు, నీలం రంగు తలుపు, లోపల తెల్లటి బేసిను. చూడముచ్చటగా ఉంది. వెనక్కి వెళ్ళి చూస్తే గోడలోంచి బయటికొచ్చిన పైపు అక్కడే ఆగిపోయింది. దానికింద గుంత తవ్వలేదు. వీధిలో అన్ని ఇళ్ళవీ అంతే.

కొన్నాళ్ళకు పథకం వాళ్ళు ఫోన్లు పట్టుకుని వచ్చారు. ఖర్మ కాకపోతే సరిగ్గా దీపం పెట్టే వేళకే రావాలా? అవ్వ చేతిలో అగ్గిపుల్ల వెలుగుతోంది.

"లెట్రిన్ ఉంది కదా అవ్వా?"

"ఉండాదప్పా."

"వాడుతున్నారు కదా?"

"వాడతాం, గుంత ఒగటి..."

వాళ్ళు అప్పటికే ఫోన్లో నొక్కేశారు. నీలం తలుపు ముందు నిలబడమంటే అవ్వ పైట సర్దుకుని నిలబడింది. ఫోటో తీసుకుని పక్కింటికి పోయారు. నేను ఊరుకోలేక, "అవ్వా, గుంత లేదు కదా!" అన్నాను. ఆవిడ నా మీద కళ్ళెర్రజేసింది. "దీపం పెట్టుండాను, ఆ మాట అనొద్దు. గుంత వొస్తాది. పైపు పెట్టినోళ్ళు గుంత తవ్వకుండా పోతారా?"

తన మాటలాంటిదే సర్కారు మాట కూడా అనుకుంది పిచ్చితల్లి. కొక్కెం పెట్టినవాళ్ళు ఫ్యాను తేకుండా ఉండరనుకుంది.

ఫ్యాను రాలేదు గానీ వీధి మొదట్లో పెద్ద బోర్డు వచ్చింది. నాయకుడి నవ్వుముఖం, దాని పక్కన కన్నడంలో పెద్ద పెద్ద అక్షరాలు. కోడలు చదివి తెలుగులో చెప్పింది. "ఈ వార్డులో ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి ఉండాదంట. బయటికి పొయ్యేవాళ్ళు ఒగరూ లేరంట." అవ్వకు ఆ అబద్ధం కంటే 'లేరు' అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది. "వీధి మొదట్లో, అంత పెద్దగా, ఆ మాట రాస్తారా? శకునం తెలీనోళ్ళు!" అని చాలాసేపు గొణిగింది.

కొడుకు గుంత కోసం ఆఫీసు చుట్టూ తిరిగాడు. మీ ఇంటిది పూర్తయింది, ఫోటో కూడా ఉంది, అన్నారు. పూర్తి కాలేదని గట్టిగా అంటే, "అంటే సర్కారు అబద్ధం చెప్పిందంటావా?" అని అడిగారు. ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆ బోర్డు కింద ఫోటో దిగి "ఇది నిజం కాదు" అని ఫోన్లో పెట్టిన ఒక కాలేజీ పిల్లవాణ్ణి స్టేషనుకి పిలిచి పొద్దంతా కూర్చోబెట్టారు. వీధి మొత్తం నోరు కుట్టేసుకుంది. సొంతంగా తవ్వుకుందామంటే, వార్డు నాయకుడి మనిషి వచ్చి, ఉన్నదాని పక్కన మళ్ళీ తవ్వితే మోరీ పనికి అడ్డమని ఆపేశాడు. పనికి పోయేవాళ్ళు ఫ్యాక్టరీలో ఆ పని కానిచ్చుకునేవాళ్ళు. నేను ఆఫీసు బస్సు కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడేదాన్ని. ఇంట్లో ఉండే ఆడవాళ్ళు తెల్లారకముందే చెంబు పట్టుకుని రైలు కట్ట అవతలికి పోయేవాళ్ళు. నీలం తలుపుల వెనక కట్టెలూ, పాత బకెట్లూ చేరాయి.

నేను వైట్‌ఫీల్డ్‌లో వేరే ఉద్యోగం చూసుకుని అక్కడికి మారిపోయాను. పండక్కీ పబ్బానికీ వెళ్ళి చూసొచ్చేదాన్ని.

ఒక చలికాలం పొద్దున కొడుకు ఫోన్ చేశాడు. మంచు దట్టంగా పడుతున్నప్పుడు, ఇంకా వెలుగు రాకముందు, కోడలు పట్టాల మీద రైలు కింద పడిపోయింది.

నేను వెళ్ళేసరికి పోలీసాయన అరుగు మీద కూర్చుని ప్రశ్నలు వేస్తున్నాడు. ఆ చీకట్లో పట్టాల మీద ఆవిడకేం పని? వీధిలో ఉన్న ప్రతి మనిషికీ జవాబు తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆడవాళ్ళంతా నేల చూపులు చూశారు. కొడుకే చెప్పాడు, "లెట్రిన్‌కి పొయ్యింది సార్" అని. ఆయన ఎవరికో ఫోన్ చేసి ఏదో తెప్పించుకుని, ఫోన్ తిప్పి అవ్వ ముఖం ముందు పెట్టాడు. నీలం తలుపు ముందు, పైట సర్దుకుని, అవ్వ.

"ఇది నువ్వే కదా? ఇది మీ లెట్రినే కదా? ఉందనీ, వాడుతున్నామనీ నువ్వే చెప్పావు కదా?"

అవ్వ ఆ ఫోటో వంక చూస్తూ ఉండిపోయింది.

"ఇంట్లో లెట్రిన్ పెట్టుకుని ఎవరైనా పట్టాల మీదికి పోతారా? ఇంట్లో గొడవ పడిందా? లేకపోతే ఎవరినన్నా కలవడానికి పోయిందా?"

ఒక మనిషి చచ్చిపోయి ఇంకా ఇంటికి కూడా రాలేదు. బోర్డు నిజం కావాలంటే ఆ పిల్ల చెడ్డది కావాలి. వేరే దారి లేదు. ఇంత సులువుగా, ఇంత మామూలు గొంతుతో, అరుగు మీద కూర్చుని టీ తాగుతూ ఆ పని జరిగిపోయింది.

ఆఖరి మాటే వీధిలో మిగిలింది. ఎవరినో కలవడానికి పోయిందంట. నాలుగు రోజుల్లో ఆ 'ఎవరో' ఎవరన్నదాని మీద కూడా కథలు పుట్టాయి. పుట్టింటివాళ్ళు తల ఎత్తుకోలేక దినానికి కూడా రాలేదు. కొడుకు మనుషులతో మాట్లాడడం మానేశాడు. అవ్వ మాత్రం ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "ఉండాదని నేనే అంటినమ్మణ్ణీ. నా నోటితో నేనే అంటిని," అంది.

అంత జరిగినా ఆవిడ అలవాటు మారలేదు. తర్వాతెప్పుడో నేను అక్కడున్నప్పుడు, కొత్తగా వచ్చిన కూరల బండి ఆయన, "కోడలు కనపడదే అవ్వా?" అన్నాడు. అవ్వ వంకాయలు ఏరుతూ తల ఎత్తకుండా, "ఉండాదప్పా," అంది.

ఇక ఆ సాయంత్రం.

మొన్న జనాభా లెక్కల కోసం ఇళ్ళు రాసుకోవడానికి వచ్చారు కదా, ఆ రోజుల్లోనే ఒక సెలవుపూట నేను అవ్వను చూడ్డానికి వెళ్ళాను. అవ్వ దీపం పెట్టి గడప దగ్గర కూర్చుంది. బడి టీచరమ్మ ఒకావిడ చెమటలు కక్కుతూ వచ్చింది. చేతిలో ఫోన్, భుజాన సంచి. వెంట స్కూటర్ మీద ఆ వార్డు నాయకుడి మనిషి. దారి చూపించడానికట. టీచరమ్మ కన్నడావిడ. తెలుగు కొద్దిగా వచ్చు, రెండూ కలిపి అడుగుతోంది. గోడ దేనితో కట్టారు, కప్పు ఏమిటి, కరెంటు ఉందా, నీళ్ళెక్కణ్ణుంచి తెచ్చుకుంటారు. అవ్వ తన పద్ధతిలో జవాబులు చెబుతోంది. తర్వాత మరుగుదొడ్డి మాట వచ్చింది.

అవ్వ నోరు తెరవకముందే ఆ మనిషి, "ఇదె అంత బర్కొళ్ళి మేడమ్," అన్నాడు. ఉందని రాసేసుకోండి, అని. "ఈ వీధిలో అందరిదీ ఉంది. బోర్డు చూశారు కదా."

టీచరమ్మ ముఖం తుడుచుకుంది. బాగా అలిసిపోయి ఉంది. "నేను ఇంటివాళ్ళనే అడగాలి సార్. వాళ్ళు చెప్పిందే వెయ్యాలి," అని, ఫోన్లో ఉన్నవి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. మోరీకి కలిపిన లెట్రినా, గుంత ఉన్నదా, నలుగురూ వాడుకునేదా, లేకపోతే బయటికి పోతారా. పాఠం చదివినట్టు చదివింది.

అవ్వ తలెత్తింది.

"ఏమన్నావు తల్లీ? కడాకు ఏమో అంటివే, మళ్ళా సదువు."

"బయటికి, బయలుకి పోతారా, అని."

"బయట పొయ్యేదానికీ ఆడ ఒగ గడి ఉండాదా?"

"ఉంది అవ్వా."

"ఆ గడి ఎవురు పెట్టినారు? నువ్వా?"

"నేనెందుకు పెడతాను? సర్కారే పెట్టింది. దేశమంతా ఇదే అడుగుతారు."

అవ్వ నోట్లో వక్క నమలడం ఆపేసింది. వీధి మొదట్లో ఉన్న బోర్డు వైపు చూసింది. మళ్ళీ టీచరమ్మ చేతిలో ఫోన్ వైపు చూసింది. ఆవిడ ముఖంలో కోపం కూడా లేదు, నమ్మలేకపోతోంది, అంతే. "అంటే వాళ్ళకి తెలుసన్న మాట," అంది నెమ్మదిగా. "తెలిసే, ఆ బోర్డు కట్టినారు."

నాకూ అప్పుడే తట్టింది. ఒక చేత్తో 'ఒక్కరూ లేరు' అని రాయించినవాళ్ళే, ఇంకో చేత్తో ఇంటికొచ్చి 'బయటికి పోతారా' అని అడుగుతున్నారు. నేను కూడా వైట్‌ఫీల్డ్‌లో ఇవే ప్రశ్నలకు గబగబా జవాబులు చెప్పి తలుపేసుకున్నాను. ఆ గడి ఎవరికోసం ఉందో ఆలోచించనే లేదు.

"లేదు," అంది అవ్వ.

నేను ఉలిక్కిపడ్డాను. దీపం వెలుగుతోంది. ఆవిడ వెనకే వెలుగుతోంది. నేను పొరపాటున విన్నానేమో అనుకున్నాను.

"లెట్రిన్ లేదు తల్లీ. గోడలుండాయి, గుంత లేదు. మేం బయటికే పోతాం."

స్కూటర్ మనిషి దిగి వచ్చాడు. "ఏందవ్వా, దీపాలేళ ఏం మాటలవి? ఇల్లు నీ పేర రాసే ఖాతా కాయితం ఇంగా నా దగ్గరే ఉండాది, మర్సిపోవద్దు. పోయిన మనిషి ఇప్పుడు తిరిగొస్తాదా?"

దీపాల వేళ అని వాడే గుర్తు చేశాడు! నాకు చెంప పగలగొట్టాలనిపించింది. అవ్వ గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"తథాస్తు అననీలేప్పా. వాళ్ళు అనాల్సిందంతా అనేసినారు. ఇంగ నాకు బయమేంది?" వీధంతా వినపడేలా గొంతు పెంచింది. "గుంత లేదు. నీళ్ళు లేవు. నా కోడలు లేదు. రాసుకో తల్లీ, అన్నీ రాసుకో."

ఆ మాటలన్నీ ఎన్నేళ్ళ నుంచి లోపల అణిచిపెట్టుకుందో. టీచరమ్మ వేలు ఒక్క క్షణం ఆగింది. ఆ మనిషి వంక చూసింది. తర్వాత తల వంచుకుని, అవ్వ చెప్పింది నొక్కింది.

"నా కోడలి పేరు కూడా రాయి," అంది అవ్వ.

"పోయినవాళ్ళ పేరు రాయడానికి ఇందులో చోటు లేదవ్వా. అయినా పేర్లు బయటికి రావు. లెక్క ఒక్కటే బయటికొస్తుంది."

"నాకు పేరు కావాల తల్లీ. చెడిపొయ్యింది పేరే గదా."

అప్పటికి గుమ్మాల్లోకి అందరూ వచ్చేశారు. ఇంట్లోనే బట్టలు కుట్టుకునే పక్కింటావిడ, కోడలి వయసుదే, మెట్టు దిగి వచ్చింది. "మాకూ లేదు మేడమ్," అంది. "మా ఇంటి కాడికి వొచ్చినప్పుడు మీరు అడగాల్సిన పన్లే. మేమూ ఆ కట్టకే పోతాం." ఆ వెనక ఇంకో గొంతు, మాకూ లేదని. ఆ మనిషి అటూ ఇటూ చూసి స్కూటర్ దగ్గరికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

పక్కింటావిడ మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఉన్నట్టుండి అవ్వ కాళ్ళ దగ్గర కూలబడింది.

"అవ్వా, ఆ పొద్దు నేనుండా. ఆయమ్మా నేనూ కలిసే పోతిమి. నేను ముందర దాటేస్తి. ఆయమ్మ ఎనక వొస్తా ఉండె. మంచులో రైలు కనపడలే అవ్వా..."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నేను నోరు తెరిస్తే, మా ఇంటిది గూడా అబద్దమని ఒప్పుకున్నట్టే గదా. మా ఆయన వొద్దనె. బయపడిపోతి."

ఇన్నాళ్ళూ పక్క గోడ అవతలే! ఆ పిల్ల మీద కథలు అల్లుతుంటే వింటూ, అవ్వ ఇంట్లోంచి చక్కెర బదులు తీసుకుంటూ, అక్కడే! అవ్వ ఆవిడ జుట్టు పట్టుకుంటుందనే అనుకున్నాను. పట్టుకున్నా నేను ఆపేదాన్ని కాదు.

అవ్వ వంగి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"చెంబు ఉండెనా దాని చేతిలో?"

"ఉండె అవ్వా. ఇద్దురి చేతుల్లో ఉండె."

"గట్టిగా చెప్పు."

"చెంబు ఉండె!" అని ఏడ్చింది ఆవిడ.

అవ్వ వీధి వైపు తిరిగింది. "అందురూ ఇన్యారా? నా కోడలి చేతిలో చెంబు ఉండె!" అని అరిచింది. అరిచి, గడప మీద కూలబడి, నేను ఎప్పుడూ చూడని విధంగా ఏడ్చింది. ఎక్కడి నుంచి వచ్చాడో కొడుకు, వచ్చి తల్లి పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుని తర్వాతి ఇంటికి నడిచింది. ఆవిడ వెంట ఈసారి స్కూటర్ లేదు.

ఆ లెక్కలు ఇంకా బయటికి రాలేదు. వచ్చినప్పుడు ఆ బోర్డు పక్కన పెట్టి చూస్తే ఎలా ఉంటుందో, అసలు రానిస్తారో లేదో నాకు తెలియదు. అవ్వ ఇంటి ఖాతా కాగితం కూడా ఇంకా రాలేదని కొడుకు చెప్పాడు. అవ్వ అదేమీ అడగలేదట.

ఆ సాయంత్రం అవ్వ నన్ను వెళ్ళనివ్వలేదు. అక్కడే పడుకున్నాను. మర్నాడు నేను లేచేసరికి బాగా తెల్లారిపోయింది. వీధిలో ఆడవాళ్ళంతా గుంపుగా నిలబడి ఉన్నారు. చేతుల్లో చెంబులు, ప్లాస్టిక్ డబ్బాలు, కూల్‌డ్రింకు సీసాలు. ముఖాలు ఎర్రబడి ఉన్నాయి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. వాళ్ళ ముందు అవ్వ.

"ఇంగ చీకట్లో పొయ్యేది వొద్దు," అంటోంది. "ఎవురికీ కనపడకూడదని గదా చీకట్లో పోతిమి. మనం కనపడకపోతేనే గదా, లేరని రాసిరి. పొద్దెక్కినాకనే పోదాం. చూసినోడికే సిగ్గు."

నా చేతిలో కూడా ఒక నీళ్ళ సీసా పెట్టింది. "నాకొద్దవ్వా," అన్నాను కంగారుగా. "నీకు వొస్తే పో. రాకపోతే పట్టుకోని నడువు," అంది.

నడిచాను. రెండు బాత్‌రూముల ఫ్లాట్‌లో ఉండే నేను, సీసా పట్టుకుని, ఎండలో, అందరి మధ్యా. వీధి దాటి మెయిన్ రోడ్డు మీదికొచ్చాం. బోర్డు కింద నుంచే పోయాం. ఫ్యాక్టరీ బస్సుల కోసం నిలబడ్డ మగవాళ్ళు చూసి, చెంబులు చూసి, తలలు తిప్పుకున్నారు. టీ కొట్టు దగ్గర ఆ స్కూటర్ మనిషి గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అవ్వ ఆగి, "టీ అయ్యిందా అప్పా?" అని పలకరించింది. వాడు గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి పోయాడు. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుని అందరూ నవ్వారు. పక్కింటావిడ మాత్రం నవ్వలేదు, అవ్వ చెయ్యి వదలకుండా నడుస్తోంది.

కట్ట ఎక్కేసరికి దూరంగా రైలు వస్తోంది. చాలా దూరంలో ఉండగానే గట్టిగా హారన్ కొట్టింది. ఆపకుండా కొడుతూనే వేగం తగ్గించింది. ఇంజను కిటికీలోంచి డ్రైవరు చెయ్యి బయటికి పెట్టి వెనక్కి, వెనక్కి, అని ఊపుతున్నాడు.

"ఎప్పుడూ ఇట్ల కొట్టడే," అంది పక్కింటావిడ ఆశ్చర్యంగా.

"ఇన్నాళ్ళూ మనం వానికి కనపడినామా?" అంది అవ్వ.

రైలు మెల్లగా మా ముందు నుంచి దాటిపోయింది. కిటికీల్లో మనుషులు మమ్మల్ని చూస్తున్నారు. ఆఖరి పెట్టె పోయేదాకా అవ్వ చెంబు పట్టుకుని ఎండలో అలాగే నిలబడింది.